అమ్మ కాళ్ల వాపు, పెట్టెలో రెండు స్ట్రిప్పులు

సంక్రాంతికి అమలాపురం దగ్గర మా ఊరు వెళ్తే అమ్మ కాళ్లు బాగా వాచి ఉన్నాయి, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోంది. "ఉప్పు తగ్గించాను, అయినా పోవట్లేదురా, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి" అంది. నాకు టెన్షన్ మొదలైంది.

అమ్మ మందులన్నీ పూతరేకుల అట్టపెట్టెలో దాస్తుంది. అవన్నీ మంచం మీద పోసి ఒక్కొక్కటీ చూశాను. బీపీవి రెండు స్ట్రిప్పులు, పేర్లు వేరు, రంగులు వేరు. ఒకటి ఊళ్లో ఇచ్చింది, రెండోది టౌన్లో రాసింది. కానీ వెనక్కి తిప్పి, కంపెనీ పెట్టిన పేరు కాకుండా అసలు మందు పేరు చదివితే రెండింటి మీదా ఆమ్లోడిపిన్ 5 ఎంజీ అనే ఉంది! అంటే రోజూ 10 ఎంజీ పడుతోంది, ఆ మందు డోసు పెరిగేకొద్దీ కాళ్ల వాపు ఎక్కువగా వస్తుంది.

నేనే ఒకటి ఆపేయలేదు, బీపీ మందుతో అలా చేయకూడదు. అదే రోజు పెట్టె మొత్తం డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన ఒకటి తీసేశారు, రెండు వారాల్లో వాపు దిగింది.

జలుబు మాత్రల్లోనూ ఇదే సమస్య: చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది, పైన జ్వరం మాత్ర కూడా వేసుకుంటే డోసు డబులవుతుంది.

ఇప్పుడు ప్రతి స్ట్రిప్పు మీదా అది దేనికో, ఎప్పుడు వేసుకోవాలో, "బీపీకి, పొద్దున ఒకటి" లాగా మార్కర్‌తో రాశాను. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొసను మాత్రం చివరిదాకా కత్తిరించొద్దని అమ్మకు చూపించాను.