పిచర్‌ని ఎప్పుడు మార్చాలి?
పిల్లల సాఫ్ట్‌బాల్ జట్టుకి కోచింగ్ ఇచ్చేవాళ్లకి ఒక మాట. పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరే అమ్మాయి) తడబడుతుంటే స్కోరు చూసి మార్చకండి, ఆ పాపని చూసి మార్చండి. ఫీల్డర్లు వదిలేసిన క్యాచ్‌లకి పిచర్‌ని తీసేసే కోచ్‌లున్నారు, అదేం న్యాయమో!

బంతులు ఎటు పోతున్నాయో గమనించండి. అన్నీ పైకే పోతుంటే, తుంటి దగ్గర వదలాల్సిన బంతిని ఆలస్యంగా వదులుతోందేమో. టైమ్ అవుట్ తీసుకుని ఒక్క మాట చెబితే సర్దుకుంటుంది. అలా కాకుండా ఒకటి నేలకి, ఇంకోటి బ్యాటర్ వెనకుండే క్యాచర్ తలమీదుగా పోతూ, ముందుకేసే అడుగు కూడా పొట్టిదవుతుంటే అలిసిపోయినట్టే. వరసగా ఇద్దరికి వాక్ ఇచ్చి (నాలుగు బాల్స్, అంటే గురి తప్పిన బంతులు, పడితే బ్యాటర్‌కి ఊరికే ఫస్ట్ బేస్ దక్కడం), మూడో బ్యాటర్‌కీ మొదటి రెండూ బాల్సే అయితే నేనింక ఆగను. మూడు బేస్‌ల్లోనూ రన్నర్లు నిండాక దింపితే కొత్తగా వచ్చే పిల్ల బెదిరిపోతుంది. భుజం పట్టుకుందంటే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, వెంటనే తీసేయండి.

రెండో పిచర్‌కి ముందే వార్మప్ మొదలుపెట్టించండి. మార్చేటప్పుడు డగౌట్ నుంచి కేకెయ్యకుండా పిచర్ నిలబడే సర్కిల్ దాకా మీరే నడిచి వెళ్లండి. నొప్పేమీ లేకపోతే బెంచి మీద కూర్చోబెట్టే బదులు ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్‌కి పంపండి. తర్వాత మళ్లీ పిచింగ్‌కి తెచ్చుకోవచ్చో లేదో మీ లీగ్ రూల్స్‌లో ముందే చూసుకోండి.