రైజర్లు వేశాక హ్యాండిల్ తిప్పితే రేజ్ పెరుగుతోందా? నా అనుభవం

కొత్త హ్యాండిల్ బార్, కింద 30 ఎంఎం రైజర్లు (హ్యాండిల్‌ని ఎత్తు పెంచే దిమ్మలు) వేయించాక హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పితే చాలు బండి దానంతటదే రేజ్ అయ్యేది, విజయనగరం ట్రాఫిక్‌లో యూటర్న్ అంటే భయమేసేది. ఐడిల్ స్క్రూ తగ్గించడం, కార్బురేటర్ క్లీనింగ్, కేబుల్‌కి ఆయిల్, ఏదీ పనిచేయలేదు.

హ్యాండిల్ ఎత్తు పెరిగాక తిప్పినప్పుడల్లా యాక్సిలేటర్ కేబుల్ లాక్కుపోవడమే అసలు సమస్య. పనిచేసింది ఇదీ: ముందు ట్యాంక్ తీసి, ఫ్రేమ్‌కి కేబుల్స్‌ని బిగించి కట్టిన టై కోసేసి, యాక్సిలేటర్ కేబుల్‌ని చుట్టుదారి కాకుండా ఎక్కడా నొక్కుకోకుండా దగ్గర దారిలో తెచ్చాను, ఆ తర్వాతే అడ్జస్టర్ లాక్ నట్ వదులు చేసి గ్రిప్ దగ్గర 2-3 ఎంఎం ప్లే (కేబుల్ లాగకముందు ఉండే ఖాళీ కదలిక) ఉంచి మళ్ళీ బిగించా. ట్యాంక్ పెట్టి, బండి న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి రెండు వైపులా చివరిదాకా తిప్పితే రేజ్ కదల్లేదండి!

హ్యాండిల్ అలాగే తిప్పి ఫ్రంట్ బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ పైపు) కూడా చూడండి, లాగినట్టుంటే పొడవుది మార్చాల్సిందే, బ్రేక్ దగ్గర సర్దుకోవద్దు. నాది కార్బురేటర్ బండి, రైజర్లు ఇంకా ఎత్తయితే ఈ పద్ధతి సరిపోకపోవచ్చు, పొడవు కేబులే వేయాలేమో.