తెర వెనుక సౌండ్ – నాలుగో పాఠం: మైకు కూస్తే

గత పాఠంలో బుర్రకథ దళానికి మైకులు పెట్టాం. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో వంతలు. ఈసారి కూత సంగతి చూద్దాం. కొత్తగా మిక్సర్ ముందు కూర్చున్నవాళ్లకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే.

బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ అదే మైకులో దూరుతుంది. యాంప్లిఫయర్‌లో పెరిగి మళ్లీ బాక్సులోంచి వస్తుంది. అలా తిరిగి తిరిగి పెరిగేదే కూత. వాల్యూమ్ మీద చెయ్యి వేసే ముందు మైకు వీపు ఎటుందో చూడండి.

శ్రీకాకుళం వైపు దళాలతో ఒడిశా సరిహద్దు ఊళ్లు తిరిగేవాణ్ణి. ఈ రాత్రి పర్లాకిమిడి, రేపు కాశీనగర్, ఎల్లుండి గుణుపురం. గుణుపురంలో ఒకసారి స్టేజీ ఇరుకై, మానిటర్‌ను, అంటే పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే బాక్సును, కథకుడి పక్కన వారగా పెట్టాను. వంతలు ‘తందాన తాన’ అందుకోగానే కీచుమంది. కంగారులో మానిటర్ పూర్తిగా తగ్గించేశాను. కూత ఆగింది, కానీ తన పాట తనకు వినబడక పెద్దాయన గొంతు పెంచుతూ పోయారు. అర్ధరాత్రికి బొంగురుపోయింది. తెర వెనక వేడినీళ్ల గ్లాసు పట్టుకుని, “ఏటి బాబూ, నా గొంతు నాకే ఇనబడకపోతే ఎలా పాడేది?” అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు ఎక్కడంటే, షూర్ ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ (ముందు వైపే ఎక్కువగా వినే) మైకు సరిగ్గా వెనక నుంచి వచ్చేదాన్ని చాలా తక్కువగా వింటుంది, పక్క నుంచి వచ్చేదాన్ని బాగానే వింటుంది. మానిటర్ ఉండాల్సింది కథకుడికి ఎదురుగా, మైకు వీపు వైపు. సూపర్ కార్డియాయిడ్ అయితే వెనక కూడా కాస్త వింటుంది కాబట్టి మానిటర్‌ను వెనక నుంచి కొంచెం పక్కకు జరపాలి.

జనం రాకముందే మానిటర్‌ను నెమ్మదిగా పెంచండి. హూంమని మోగితే గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో (ఒక్కో స్థాయి స్వరానికి ఒక్కో మీట ఉండే పెట్టె) 250 హెర్ట్జ్ చుట్టుపక్కల, కీచుమంటే 2,500 నుంచి 4,000 మధ్య వెతకండి. దొరికినచోట 3 డెసిబెల్స్ తగ్గిస్తే చాలాసార్లు సరిపోతుంది. కనబడిన ప్రతి మీటా కిందికి లాగితే గొంతులో జీవం పోతుంది.

బుర్రకథలో అసలు కష్టం అడుగులు. కథకుడు ముందుకూ వెనక్కూ చిందేస్తాడు. మైకుకు జానెడు దూరంలో ఉన్న నోరు రెండు జానల దూరం వెళ్తే సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అప్పుడు ఇంకో మైకు పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైతే కూత రాకుండా పెంచుకోగలిగింది 3 డెసిబెల్స్ తగ్గుతుంది. దానికి బదులు పాటతోపాటు ఫేడర్ (మిక్సర్‌లో ఆ మైకు సౌండ్‌ను పెంచి తగ్గించే మీట) మీద వేలు కదపండి. కథ తెలిసినవాడికి ఆ అడుగు ఎప్పుడు పడుతుందో ముందే తెలుస్తుంది. అందుకే రిహార్సల్‌కు వెళ్లి కూర్చోమంటాను.

ఈ వారం అభ్యాసం: ఒక చేతి మైకు, ఒక బాక్సు తీసుకోండి. సౌండ్ తక్కువగా పెట్టి, మైకు మూతిని బాక్సు వైపు నుంచి మెల్లగా చుట్టూ తిప్పండి. ఎక్కడ మోగుతోందో, ఎక్కడ ఆగుతోందో చూడండి. తర్వాత జాలీని గుప్పిట్లో మూసి పట్టుకోండి. వెనక వైపు గాలి రంధ్రాలు మూసుకుపోయి, మైకు నలుదిక్కులా వినడం మొదలుపెడుతుంది, వెంటనే కూస్తుంది. తెలుగులో ఒకరు, ఒడియాలో ఒకరు అనౌన్స్ చేసే ఊళ్లలో ఇద్దరికీ మైకును ఇలా పట్టుకోకూడదని ముందే చూపించండి.

వచ్చే పాఠం జముకు వాయిద్యం.