కర్ణాటక వయొలిన్ చేతితో ‘కార్మెన్ ఫాంటసీ’

స్పెయిన్ వయొలిన్ విద్వాంసుడు సరసాతే రాసిన పాశ్చాత్య రచన ‘కార్మెన్ ఫాంటసీ’ చూడగానే బెజవాడ, గుంటూరుల్లో కర్ణాటక బాణీ నేర్చినవాళ్లు వేగానికి జంకుతారు. కానీ ముందు ఇబ్బంది పెట్టేది శ్రుతి, ఆపైన వయొలిన్ పట్టుకునే తీరు.

స-ప-స-పకి వదిలిన పాత తీగలనే పాశ్చాత్య శ్రుతి జి-డి-ఎ-ఇకి లాగొద్దు, మొదటి తీగ తెగిపోవచ్చు. కొత్త సెట్ కొని ఒక్కో తీగే మార్చండి. అన్నీ ఒకేసారి విప్పితే లోపల నిలబెట్టిన చిన్న కర్రముక్క, సౌండ్‌పోస్ట్, పడిపోవచ్చు. ఎ తీగ 440 హెర్ట్జ్. బిగించేకొద్దీ బ్రిడ్జి బిరడాల వైపు వాలుతుంది, ఎప్పటికప్పుడు నిలబెట్టండి.

వయొలిన్ తల ఇక పాదం మీద ఆనదు. వయొలిన్ అడుగున షోల్డర్ రెస్ట్ (భుజం మీద ఆనే ఊతం) తగిలించి, ఎడమచెయ్యి వదిలేసినా వాయిద్యం జారకుండా నిలిచేదాకా పాట జోలికి పోవద్దు. ఎండాకాలం చెమటకి గడ్డం కింద నూలుగుడ్డ తప్పదు.

దీనికి ఆధారమైన బిజే ఒపెరా (పాటల నాటకం) ‘కార్మెన్’ 1875 నాటిది. సరసాతే రచనలో అయిదు భాగాలు. రెండోదైన హబనేరా అనే పాటతో మొదలుపెట్టండి. ముందు గాయని పాడింది వినండి. ఆ వరుస అర స్వరం, అర స్వరం చొప్పున కిందికి దిగుతుంది. మన వేళ్లు అక్కడ అలవాటుగా జారు వేసేస్తాయి, దాంతో మెట్లన్నీ చెరిగిపోతాయి. ఒక్కో స్వరానికి ఒక్కో కమాను, గమకం లేకుండా, మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని లయ చూపే సాధనం) 50 మీద వాయించండి. జారు గుర్తు ఉన్నచోట మాత్రం మనవాళ్లకి ఎదురుండదు!

హార్మోనిక్స్‌కి (తీగని ఊరికే తాకి పలికించే ఈలలాంటి పై స్వరాలకి) మొదటి వేలు గట్టిగా నొక్కాలి. అది షడ్జమనుకుంటే నాలుగో వేలు శుద్ధ మధ్యమం మీద ఊరికే తాకాలి. రెండు స్థాయిల పైన షడ్జం పలుకుతుంది. కీచుమంటే నాలుగో వేలు నొక్కుతున్నట్టు, గాలిలా వస్తే మొదటి వేలు వదులైనట్టు. కమాను బ్రిడ్జికి కాస్త దగ్గరగా నడపండి.

సెగిదియా అనే భాగం తిశ్రంలా, మూడేసి లెక్కన, నడుస్తుంది, తొందరగానే పట్టుబడుతుంది. చివరి జిప్సీ నృత్యమే నెలలు తింటుంది. రెండేసి బార్లే (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య ముక్కలే) తీసుకుని, తప్పు లేకుండా వరసగా అయిదుసార్లు వస్తేనే మెట్రోనోమ్ నాలుగు పెంచండి. కుడి భుజం బిగిస్తే ఆపేయండి. వేగం మణికట్టు నుంచి రావాలి.

పియానో తోడుకి చర్చిల్లో స్టాఫ్ నొటేషన్ చదివే కీబోర్డువాళ్లని అడగండి. వాయించేముందు ట్రాన్స్‌పోజ్ (కీబోర్డు శ్రుతి మార్చే అమరిక) సున్నా మీద ఉందో లేదో చూడమనండి. పాటకి తగ్గట్టు మార్చి అలాగే వదిలేయడం మామూలే, అప్పుడు మీ శ్రుతే తప్పనిపిస్తుంది.