మామిడిపళ్ల రోజుల్లో వంటింటి చిన్న ఈగలు: మా ఇంట్లో ఎలా వదిలాయంటే

పోయినేడు జూన్‌లో, తొలకరి పడ్డ వారానికి, మా వంటింట్లో చిన్న ఈగలు మొదలయ్యాయి. మేముండేది విజయవాడ సత్యనారాయణపురంలో, రెండో అంతస్తు. నూజివీడు దగ్గర మా నాన్నకి కొద్దిపాటి మామిడితోట ఉంది. ఆఖరి కోతలో నాలుగు డజన్ల చిన్నరసాలు గంపలో గడ్డి వేసి పంపించారు. అవి మగ్గుతుంటే ఇల్లంతా ఘుమఘుమ, ఆ వెనకాలే ఈగలు. అరటిపండు తీయబోతే ఒక్కసారిగా లేచేవి. పాలగ్లాసులో పడేవి. మా రెండేళ్ల పాప మూతి చుట్టూ తిరిగేవి.

పక్కింటావిడ స్ప్రే డబ్బా తెచ్చిచ్చింది. బియ్యం, పప్పులు, పిల్ల చేతికందే గట్టు అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. అక్కడ ఆ మందు కొట్టడానికి నాకు మనసొప్పలేదు. కొట్టకుండానే వదిలించాను గానీ మూడు వారాలు పట్టింది. అందులో మొదటి ఆరు రోజులు వృథాగా పోయాయి. ఎగిరే ఈగల్ని పట్టడంలోనే ఉండిపోయాను, అవి పుడుతున్న చోటు వెతకలేదు. మీకు ఆ ఆరు రోజులు కలిసిరావాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు మీ ఇంట్లోవి ఏ ఈగలో చూసుకోండి. పండ్ల మీద ముసిరేవి దాదాపు 3 మిల్లీమీటర్లుంటాయి, గోధుమరంగు ఒళ్లు, వెలుతుర్లో చూస్తే ఎర్రటి కళ్లు. బాత్రూం గోడకి అంటుకుని, రెక్కల మీద నూగుతో బుల్లి సీతాకోకచిలుకల్లా కనిపించేవి వేరు, అవి తూముల్లో పుడతాయి. తులసి కుండీ మట్టి మీద తిరిగే సన్నటి నల్లవి ఇంకో రకం. వాటికి పండ్లతో పనిలేదు, కుండీకి నీళ్లు తగ్గించి పైమట్టి ఆరనిస్తే తగ్గుతాయి. పండ్ల ఈగలకి నేను కింద చెప్పబోయే గ్లాసు ఎర ఆ రెంటికీ పెట్టి లాభం లేదు.

మా ఆడపడుచు కూతురు ఇంటర్ బైపీసీ చదువుతోంది. నా ఎర గ్లాసులో పడ్డ వాటిని చూసి, "అత్తా, ఇది డ్రోసోఫిలా, మా పాఠంలో ఉంది" అంది. మోర్గాన్ అనే ఆయన ఈ ఈగల్నే సీసాల్లో పెంచి, 1910లో తెల్లకళ్ల ఈగ ఒకటి కనిపిస్తే దాని సంతానాన్ని లెక్కపెట్టి వంశపారంపర్యం గుట్టు విప్పాడట. 1933లో నోబెల్ కూడా వచ్చింది. ఇంతకీ పరిశోధనకి ఈ ఈగే ఎందుకంటే, ఇది చాలా త్వరగా పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర గుడ్డు ఈగ కావడానికి పది రోజులు చాలు, ఇంకాస్త వెచ్చగా ఉంటే ఎనిమిది రోజులే. ఒక్కో ఆడ ఈగ బతికినన్నాళ్లలో వందల గుడ్లు పెడుతుంది. మరీ ఎండ ముదిరితే మాత్రం వీటి సంతతి సరిగ్గా సాగదు. మన మే నెలలో పెద్దగా కనబడక, వాన పడి చల్లబడగానే జోరందుకోవడం అందుకే.

ఆ పది రోజుల లెక్క మనసులో పెట్టుకోండి. ఈ పూట వంద ఈగల్ని పట్టినా, ఎక్కడో మూల కుళ్లిన పండులో రేపటి వంద తయారవుతూనే ఉంటాయి.

నాకది నాన్నతో మాట్లాడాకే బుర్రకెక్కింది. ఆరో రోజు రాత్రి ఫోన్లో, రోజూ ఎర గ్లాసులో ఈగలు పడుతున్నా తగ్గట్లేదని చెప్పాను. ఆయన అన్నారు: "అమ్మాయ్, తోటలో నేను ఎరబుడ్లు కడతాను గదా, వాటిలో పడేవి మగ ఈగలే. చెట్టుకింద రాలిన కాయ ఏరి గొయ్యి తీసి పూడ్చకపోతే ఎన్ని బుడ్లు కట్టినా అంతే. మీ ఇంట్లో రాలిన కాయ ఎక్కడుందో చూడు." తోటలో కాయకి పుచ్చు తెచ్చేది వేరే ఈగ, ఇంతకంటే పెద్దది. అది పచ్చికాయని పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. మన వంటింటి పండ్ల ఈగకి కోసినదో, చితికినదో, పులిసినదో కావాలి. ఈగలు వేరైనా ఆయన చెప్పిన కిటుకు రెంటికీ సరిపోయింది.

మర్నాడు పొద్దున గదిలో ఒక్కో వస్తువూ జరిపి చూశాను. బియ్యం డబ్బా వెనక గోడవార ఒక చిన్నరసం దొర్లి పడి ఉంది. ముచ్చిక దగ్గర చీలి, నల్లబడి, రసం కారి నేలకి అతుక్కుపోయింది. పైకెత్తితే అడుగున సన్నటి తెల్ల పురుగులు, పక్కన గోడకి గోధుమరంగు గింజల్లాంటి గూళ్లు. ఆ గూళ్లలోంచే ఈగలు వస్తాయి. పండొక్కటీ తీసేస్తే సరిపోదు, గోడని కూడా గీకి కడగాలి. ఆ పండుని కవర్లో బిగించి ముడేసి అప్పటికప్పుడు కిందికి తీసుకెళ్లాను.

మీరూ అలాగే వెతకండి. మా ఇంట్లో రెండో చోటు దేవుడి గూడు. పటాల వెనక, నాలుగు రోజుల కిందటి శుక్రవారం పెట్టిన అరటిపండు మెత్తబడి ఉంది, పక్కన కొబ్బరిచిప్ప పులిసిన వాసన కొడుతోంది. మా అత్తయ్య చూసి నొచ్చుకుంది, అప్పటినుంచి నైవేద్యం ఏ పూటకాపూట తీసేసి అందరికీ పంచిపెడుతోంది. ఆ తర్వాత చూడాల్సినవి: ఉల్లిపాయల బుట్ట అడుగు, బంగాళాదుంపల సంచి (ఒక్క దుంప కుళ్లినా చాలు), చెత్తబుట్టలో కవరు కింద చేరిన నీళ్లు, ఫ్రిజ్ వెనక కిందుండే నీళ్ల తట్ట, పాతసామాన్ల వాడికని దాచిన కూల్‌డ్రింకు సీసాలు, గట్టు తుడిచి ముద్దగా పడేసిన తడిగుడ్డ. ఇడ్లీ పిండి పులిసే గిన్నె దగ్గర కూడా మూగుతాయి. మూత వదులుగా ఉంటే కింద పల్చటి గుడ్డ కట్టి, దాని మీద మూత పెట్టండి.

సింకు మీద అనుమానముంటే తేల్చుకోవడం తేలిక. రాత్రి పని అయ్యాక జాలీ చుట్టూ తుడిచి ఆరబెట్టి, వెడల్పాటి పారదర్శక టేపు జిగురువైపు కిందికి ఉండేలా అంటించండి, గాలికి కాస్త సందు ఉంచి. పొద్దునకి ఈగలు అంటుకుంటే లోపలినుంచి వస్తున్నట్టే. అప్పుడు జాలీ తీసి, పొడుగు బ్రష్షుతో గొట్టం లోపలి గోడలకి పట్టిన జిగటంతా రుద్దాలి. సలసల మరిగే నీళ్లు పోయకండి, ప్లాస్టిక్ గొట్టాలు మెత్తబడతాయి. చెయ్యి పట్టగలిగిన వేడి చాలు. వంటసోడా, వెనిగర్ కలిపి పోయమని చాలామంది చెబుతారు. నురగ బాగా వస్తుంది గానీ అవి రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. జిగటని వదిలించేది బ్రష్షే. సింకు కిందుండే గిన్నెలాంటి ట్రాపుని విప్పగలిగితే విప్పి కడగండి, మాదాంట్లో మెతుకులు పేరుకుని ఉన్నాయి.

ఇక గ్లాసు ఎర. పుట్టే చోటు తీసేశాక మిగిలిన ఈగల్ని పట్టడానికి ఇదే సాధనం. ఈ ఈగల్ని లాగేది తీపి ఒక్కటే కాదు, పులుపెక్కుతున్న పండు వాసన. కిరాణాకొట్లో దొరికే తెల్ల వెనిగర్ ఒక్కటే పోసినప్పుడు నాకు రాత్రికి నాలుగైదు పడ్డాయంతే. యాపిల్ సైడర్ వెనిగర్ ఉంటే నాలుగు చెంచాలు చాలు. లేకపోతే కొనక్కర్లేదు. బాగా ముగ్గిన అరటిపండు సగం ముక్కో, పీచుతో ఉన్న మామిడి టెంకో గ్లాసులో వేసి, చెంచా బెల్లం, సగం గ్లాసు గోరువెచ్చటి నీళ్లు పోసి, గుడ్డ కట్టి ఒక రోజు పులియనివ్వండి. ఇంట్లో కేకుల ఈస్టు ఉంటే చిటికెడు వేస్తే సాయంత్రానికే సిద్ధం. గుడ్డ తీసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి నెమ్మదిగా కలపండి. మామూలుగా నీళ్ల మీద ఈగ తేలి మళ్లీ ఎగురుతుంది, సబ్బు పడితే నీళ్లు దాన్ని మొయ్యవు, మునుగుతుంది. చుక్క కంటే ఎక్కువ వేస్తే సబ్బు వాసనకి దగ్గరికే రావు.

పైన నోటుపుస్తకం కాగితంతో పొట్లం చుట్టి, కొసన పెన్సిలు మొన దూరేంత కన్నం పెట్టి, కొస నీళ్లకి తగలకుండా గ్లాసులో దించండి. అంచు చుట్టూ టేపు వేయండి, సందు ఉంటే బయటికి వచ్చేస్తాయి. ఈగలు ఎక్కువ కనబడే చోట పెట్టి రాత్రంతా ఫ్యాను ఆపేయండి. మొదటి రాత్రి నాకు ముప్పై పైగా పడ్డాయి.

గ్లాసుని రెండు రోజులకోసారి తప్పకుండా మార్చండి. మర్చిపోతే ఆ పండుముక్క మీదే గుడ్లు పెట్టి, వారం తిరిగేసరికి మీ ఎరే వాటి పురిటిగది అవుతుంది. పాతదాన్ని వేడినీళ్లతో కలిపి టాయిలెట్లో పారబోయండి.

నేను చేసి చూసి మానేసినవి కూడా చెబుతాను. నిమ్మచెక్కలో లవంగాలు గుచ్చి పెడితే ఈగలు దాని పక్కనే కూర్చున్నాయి. వేపాకు పొగ వేస్తే హాల్లోకి వెళ్లి, పొగ పోగానే తిరిగొచ్చాయి. కర్పూరం బిళ్లలు మూలల్లో పెట్టమన్నారు. చంటిపిల్లలున్న ఇంట్లో దయచేసి పెట్టకండి, మింగితే కర్పూరం విషం, ఫిట్స్ వస్తాయి. ఫ్యాను మాత్రం నిజంగా పనికొచ్చింది. ఇవి జోరుగాలికి ఎదురు ఎగరలేవు. భోజనాల వేళ బల్లమీదికి గాలి తగిలేలా టేబుల్ ఫ్యాను పెడితే కంచం దగ్గరికి రావు.

ఇప్పుడు నాన్న దగ్గర్నుంచి గంప రాగానే, సొన అంటిన కాయల్ని కడిగి పొడిగుడ్డతో తుడుస్తాను. దెబ్బ తగిలినవి, ముచ్చిక ఊడినవి పక్కకి తీసి ముందు పప్పులోకి, పచ్చడిలోకి వాడేస్తాను. గట్టివి మాత్రమే గడ్డిలో, ఒకదానికొకటి తగలకుండా, రెండు వరసలకి మించకుండా మగ్గేస్తాను. గంప మీద పాత వాయిల్ చీర ముక్క కప్పి, చుట్టూ తాడు బిగిస్తాను. పొద్దున్నే కాయల్ని లెక్కపెట్టి, ముగ్గినవి ఫ్రిజ్‌లోకి మారుస్తాను. చలికి గుడ్డు ఎదగదు. టెంకలు, తొక్కలు రాత్రి బుట్టలో ఉంచను. గట్టి మూత డబ్బాలో వేసి ఫ్రీజర్లో పెట్టి, పొద్దున చెత్తబండి విజిల్ వినబడగానే తడిచెత్తలో వేసేస్తాను.

చోటు దొరికి శుభ్రం చేశాక కూడా వారం పదిరోజులు కొత్త ఈగలు కనిపిస్తాయి, మన కంటపడని గూళ్లలోంచి వచ్చేవి అవి. కంగారుపడకండి, గ్లాసు తీసేయకండి. మాకు మొదట ముప్పై, తర్వాత పన్నెండు, తర్వాత మూడు, ఒకటి. వరసగా మూడు రోజులు ఒక్కటీ పడలేదన్నాకే గ్లాసు కడిగి బోర్లించాను. మీ గ్లాసులో లెక్క వారం తర్వాత కూడా తగ్గకపోతే, మీరు ఇంకా జరపని డబ్బా ఏదో ఉంది.