అల్ట్రా ఫెక్స్ కొనే ముందు స్పూలు చూడండి

ఫ్రెంచ్ కెమెరాల సేకరణ మొదలుపెట్టేవాళ్లకు లియాన్‌లో తయారైన అల్ట్రా ఫెక్స్, మియోం కంపెనీ ఫోటాక్స్ రెండూ నప్పుతాయి. నల్ల బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) ఒళ్లు, చిన్న లెన్స్, రోలుకు 6×9 సెం.మీ. సైజులో ఎనిమిది ఫోటోలు. చెడిపోయే సామాను తక్కువ.

చిక్కంతా ఫిల్ముతోనే. ఇవి 620 అనే రకం రోలు ఫిల్ము కెమెరాలు, దాన్ని కొడాక్ 1995లో ఆపేసింది. ఇప్పటికీ దొరికే 120 రకంలో ఫిల్ము, దాని వెనుక కాగితం వెడల్పు అంతే, అవి చుట్టి ఉండే కండె, అంటే స్పూలే లావు. కాబట్టి 120 ఫిల్మును 620 స్పూలుకు మార్చి వాడుకోవాలి. అందుకే అమ్మేవాళ్లను వెనుక తలుపు తీసి ఫోటో పంపమనండి. లోపల ఒక్క ఖాళీ 620 స్పూలైనా కనిపించాలి, మీకు రెండు కావాలి. హన్మకొండ, కరీంనగర్ పాత స్టూడియోల్లో 620 ఫిల్ము వాడే కొడాక్ బ్రౌనీ కెమెరాలుంటే వాటి స్పూళ్లు అడగండి. మనదగ్గర ఎక్కువగా కనిపించే అగ్ఫా క్లిక్ 3 స్పూలు పనికిరాదు, అది 120.

ఫిల్ము స్పూలు మార్చడం చీకట్లోనే. ముందు పనికిరాని రోలుతో వెలుతురులో రెండుమూడు సార్లు చేసి చూడండి. తర్వాత చీకటి సంచిలో (వెలుతురు చొరబడని, చేతులు పెట్టి పనిచేసే సంచి) 120 రోలును మొదటి 620 స్పూలుకు బిగుతుగా చుట్టి, అక్కడి నుంచి రెండోదానికి చుట్టండి. ఫిల్ము ఒక్క కొసనే కాగితానికి అతికి ఉంటుంది. రెండోసారి చుట్టేటప్పుడు ఆ కొస దగ్గర ఫిల్ము ఉబ్బుతుంది. టేపు లేపి, చదును చేసి, మళ్లీ అంటించండి. అలాగే వదిలేస్తే కెమెరాలో ఇరుక్కుంటుంది. 120 స్పూలు అంచులు అరగదీసి పెట్టే పద్ధతి ఒకటుంది, వద్దు: అంచుల నుంచి వెలుతురు దూరుతుంది.

కెమెరా వెనుక ఫోటో నంబరు చూసుకునే ఎర్ర కిటికీ ఎరుపు వెలుతురు సోకని పాత ఫిల్ములకు పెట్టింది. ఇప్పటి ఫిల్ము ఎరుపునూ పట్టుకుంటుంది, కాబట్టి నల్ల టేపు అంటించి, ఫిల్ము తిప్పేటప్పుడు మాత్రమే నీడలో తీయండి. మన ఎండకు 100 ఐఎస్ఓ (ఫిల్ము వెలుతురును పట్టే వేగం) చాలు. ఓరుగల్లు కోట తోరణాల దగ్గర మిట్టమధ్యాహ్నం 400 వేస్తే నెగెటివ్ మరీ నల్లబడుతుంది. ఫోటో తీసే ముందు, లెన్స్ ఉన్న గొట్టాన్ని పూర్తిగా ముందుకు జరపడం మరవొద్దు, మసకబారడానికి సగం కారణం అదే.

షట్టర్ రెక్కలకు నూనె వేయకండి, జిగురై అంటుకుంటాయి. ముసురు రోజుల్లో తోలు కేసు తేమ పీల్చి లెన్స్‌కు బూజు పట్టిస్తుంది. కేసు విడిగా పెట్టి, కెమెరాను సిలికా జెల్‌తో మూత బిగిసే డబ్బాలో ఉంచండి. నెలకోసారి లెన్స్ వెనుక నుంచి టార్చి వేసి, సాలెగూడు లాంటి గీతలున్నాయేమో చూడండి.