ఉసిళ్లు ఏ సాయంత్రం వస్తాయో ముందే పసిగట్టడం ఎలా?

మే ఎండలకు మాడిపోయిన విజయవాడ, గుంటూరుల్లో తొలకరి వాన వెలిసిందంటే చాలు, ట్యూబ్‌లైట్ల చుట్టూ ఉసిళ్లు ముసురుకుంటాయి. అవి రెక్కలొచ్చిన చెదపురుగులు. ముందే సిద్ధమై, అనువైన వాతావరణం కోసం పుట్టలోనే కాచుకుని ఉంటాయి. ఆ వాతావరణాన్ని మనమూ గుర్తుపట్టగలిగితే చీకటి పడేలోపే ఇల్లు సర్దుకోవచ్చు.

మొదట వాన సంగతి చూడండి. రోహిణి కార్తె చివర్లోనో, మృగశిర వచ్చాకో పడే తొలి గట్టి వాన ముఖ్యం. నాలుగు చినుకులు రాలితే సరిపోదు, మట్టి లోపలిదాకా తడవాలి. ఎందుకంటే ఎగిరి కిందికి దిగాక ఉసిళ్లు రెక్కలు రాల్చేసుకుని, జంటగా నేలలో చిన్న గది తవ్వుకోవాలి. ఎండి బిగుసుకున్న నేలలో అది సాధ్యం కాదు. పైగా పొడి గాలిలో వాటి ఒంట్లో తేమ ఇట్టే ఆరిపోతుంది.

తర్వాత గాలి. వాన వెలిశాక చెట్ల కొమ్మలు గమనించండి. ఉసిళ్లకు ఎగిరే బలం తక్కువ. ఈదురుగాలి వీస్తున్నా, జోరువాన కురుస్తున్నా సాధారణంగా బయటికి రావు. ఆకు కదలకుండా, ఒళ్లంతా జిడ్డుగా ఉక్కపోస్తూ, వెచ్చగా ఉండే సాయంత్రం వాటికి అనుకూలం. చుట్టుపక్కల పుట్టలన్నీ ఇదే వాతావరణాన్ని అందుకుని ఒకేసారి ఉసిళ్లను వదులుతాయి. దానివల్ల వేరే పుట్టలోని జత దొరుకుతుంది. బల్లులు, కప్పలు, పక్షులు ఎన్ని తిన్నా కొన్నయినా మిగులుతాయి. నోరులేని ఈ పురుగులు ఇంత కచ్చితంగా ఒకే వేళకు బయల్దేరడం నాకు ఎప్పటికీ అబ్బురమే. అయితే చెదల్లో అన్ని రకాలూ సాయంత్రమే ఎగరవు. కొన్ని పగలు, కొన్ని తెల్లవారుజామున వస్తాయి. కాబట్టి ఇది అంచనాయే, గ్యారంటీ కాదు.

ఈ గుర్తులన్నీ కలిశాయా? పొద్దుగూకకముందే కిటికీలు మూసి, అక్కర్లేని లైట్లు ఆర్పేయండి. వాకిట్లో తెల్ల లైటు బదులు పసుపు రంగు బల్బు పెడితే తక్కువ వస్తాయి. తలుపుకు దూరంగా, బయట ఒక లైటు వేసి, దాని కింద నీళ్ల టబ్బు ఉంచితే చాలావరకు అందులోనే పడతాయి. స్ప్రే కొట్టకండి. ఇంట్లో పిల్లలు పీల్చడం తప్ప లాభం లేదు, పుట్టకు ఏమీ కాదు.

మర్నాడు ఊడ్చేముందు రెక్కలను ఒకసారి చూడండి. నాలుగు రెక్కలూ ఒకే సైజులో ఉంటే చెదలు. ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి అయితే రెక్కల చీమలు. వాటితో టెన్షన్ లేదు. లైటు చూసి బయటినుంచి వచ్చిన ఉసిళ్లతోనూ భయం తక్కువే, ఎందుకంటే వాటిలో బతికి పుట్ట కట్టేవి బహు కొద్ది.

కిటికీలన్నీ మూసి ఉన్నా గదిలో రెక్కలు కుప్పగా కనిపిస్తే మాత్రం వదిలేయకండి. గుమ్మం చెక్కలోంచో గోడ పగుల్లోంచో ఉసిళ్లు రావడం చూసినా అంతే, చెదలు ఇంట్లోనే ఉన్నట్టు. గోడల మూలల్లో సన్నటి మట్టి దారులు వెతకండి. ద్వారబంధాన్ని వేలితో కొట్టి డొల్ల శబ్దం వస్తుందేమో వినండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చి చూసేదాకా ఆ దారులను చెరపకండి, సున్నంతో కప్పకండి. మందు ఎక్కడ పెట్టాలో వాళ్లకు తెలిసేది వాటివల్లే.